రిమార్కుల గడి

పొద్దున్న ఐదింటికి పంపు గది తాళం తీస్తాను.
లోపల చలి, ఇనుము వాసన, మోటారు గురక.
క్లోరిన్ అంకె చూసి పుస్తకంలో వేస్తాను.
రంగు: లేదు. వాసన: లేదు.
రిమార్కులు: ఓ అడ్డగీత.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ చివరి గడిలో అడ్డగీతే.

మేన్ రాష్ట్రంలో కాగితం మిల్లు మూతబడ్డ ఊరు మాది.
ఆరువందల పన్నెండు కుళాయిలు, రెండు బావులు,
ఉద్యోగులం ముగ్గురం, అందులో ఒకడు వేసవికే.
బావులకు ఎగువన పాత విమానాల మైదానం.
అక్కడే కుర్రాళ్ళు మంటలార్పడం నేర్చుకున్నారు
తెల్లటి నురగతో, ఏటేటా, తిరనాళ్ళలా.
చిన్నప్పుడు మేమూ ఆ నురగలో దొర్లాం
మంచు ముందే పడిందని.
నురగ ఇంకిపోయింది.
పోయిందనుకున్నాం.

ఇప్పుడది లక్ష కోట్ల పాళ్ళలో నలభై రెండు పాళ్ళు.
అంత చిన్న అంకె పట్టే గడి నా పుస్తకంలో లేదు.

రాజధానిలో విచారణ. లాయరు నా తరఫునే మాట్లాడాడు:
"వీళ్ళు విషం చేసినవాళ్ళు కారు, అమ్మినవాళ్ళు కారు.
భూమి ఇచ్చింది ఇచ్చినట్టు పంపారు.
ఆనాటి ప్రమాణాలన్నీ పాటించారు.
నీళ్ళు పోసిన చేతికి సంకెళ్ళేమిటి?"
బిల్లు మూడే పేజీలు. నా తలమీదికి గొడుగంత.

తర్వాత వెర్నా తిబొడో లేచింది.
మా వీధే. మీటరు నంబరు రెండు వందల ఏడు.
కొడుకు లూసియన్‌కి ఒక మూత్రపిండం తీసేశారు.
ఆమె ఏడవలేదు. నీళ్ళ బిల్లులు తెచ్చింది,
పందొమ్మిదేళ్ళవి, రబ్బరు బ్యాండు వేసి.
"ఒక్కటీ ఎగ్గొట్టలేదు," అంది.
"డబ్బు పుచ్చుకున్నాక పూచీ ఉండదా?"

నిజమే. కానీ ఆమె గెలిస్తే కట్టేదెవరు?
నురగ కంపెనీ మూడుసార్లు పేరు మార్చుకుని
ఎక్కడో దివాలా కాగితాల్లో పడుకుంది.
కట్టేది నీళ్ళ శాఖ. అంటే ఆరువందల పన్నెండు కుళాయిలు.
అంటే వెర్నాకి వచ్చే పరిహారంలో
వెర్నా వాటా కూడా, మూడు నెలలకోసారి, ఆమె బిల్లులోనే.
తిలా పాపం తలా పిడికెడు.
చేసినవాడి పిడికిలి మాత్రం ఖాళీ.
అందుకే నాకా చట్టం కావాలి.
మళ్ళీ అడిగినా ఇదే చెబుతాను.

కానీ ఓ ముసలి సెనేటరు కళ్ళజోడు మీదుగా చూసి
"ఫలితం వచ్చిన రోజే ఊరికి చెప్పారా, మిస్ పెల్కీ?" అన్నాడు.
నీళ్ళు నమిలాను.
ముప్పై ఒక్క ఏళ్ళు పంచినదాన్ని, ఆ పూట నమిలాను.
"నిబంధన ముప్పై రోజులండీ. ఆలోపే చెప్పాం."
అబద్ధం కాదు. ఆయన రాసుకున్నాడు.

ల్యాబు కవరు వచ్చింది నవంబరు నాలుగున.
ఎప్పుడూ ఒక్క కాగితమే ఉండేది. ఈసారి బరువుగా ఉంది.
సొరుగులో పెట్టాను, రెంచీల కింద.
జింకల వేట మొదలైంది, ఊళ్ళో ఎవరూ లేరు,
వాళ్ళని తిరిగి రానీ అనుకున్నాను.
పదమూడున విప్పాను.
ఆ తొమ్మిది రోజులూ నేను తాగినవీ అవే నీళ్ళు.
సాకు చెప్పడం లేదు.
సాకులాగే వినిపిస్తుందని తెలుసు.

బిల్లు నెగ్గింది. చివర ఓ వాక్యం చేర్చారు:
కావాలని చేసిన నిర్లక్ష్యానికి ఈ రక్షణ వర్తించదు.
తొమ్మిది రోజుల్ని కావాలని అంటారో, భయమంటారో
అందులో రాయలేదు.
నన్నెవరూ అడగనూ లేదు.

ఇవాళ ఐదింటికి తాళం తీశాను.
మూలన కొత్త బొగ్గు ఫిల్టర్లు, ఇరవై ఏళ్ళ అప్పుతో మెరుస్తూ.
రంగు లేదు. వాసన లేదు.
పేజీలు వెనక్కి తిప్పి ఆ నవంబరు దగ్గర ఆగి
అడ్డగీత పక్కన ఇంకుతో రాశాను:
నాలుగున వచ్చింది. పదమూడున విప్పాను. ఒడీల్ పెల్కీ.

ఈ పుస్తకం ఊరి ఆస్తి.
పనివేళల్లో ఎవరైనా వచ్చి అడిగి చదువుకోవచ్చు.
ఇన్నేళ్ళలో ఒక్కరూ రాలేదు.

రేపు మా వీధి మీటర్లు చూడాలి.
వేసవి కుర్రాడు ఇంకా చేరలేదు.
రెండు వందల ఏడుకి నేనే వెళ్ళాలి.